ముక్కు పైపు వద్దనే మాట

సిద్దిపేట పల్లెల్లో ప్రాణం పోయేముందు పెదవులకు అందేది తులసి తీర్థం. కొడుకులు, బిడ్డలు, మనవలు వరుసగా వచ్చి చెంచాతో తలా రెండు చుక్కలు పోస్తారు. మింగకపోయినా ఎవరూ బలవంతం చేయరు. ముద్ద దిగడం లేదంటే ఘడియలు దగ్గరపడ్డాయని పెద్దలు గ్రహించేవారు. అన్నం మాన్పించింది జబ్బేగాని తాము కాదన్న నిబ్బరం ఇంటివాళ్లకు ఉండేది.

కోరి అన్నం మానడానికీ మన దగ్గర గౌరవం ఉంది. జనగామ జిల్లా బమ్మెరవాడైన పోతన తెనిగించిన భాగవతం ప్రాయోపవేశానికి కూర్చున్న పరీక్షిత్తు విన్న కథే. రాష్ట్రకూట రాజు నాలుగో ఇంద్రుడు 982లో శ్రవణబెళగొళలో జైనుల సల్లేఖన వ్రతంతో, అంటే ఉపవాసంతో తనువు చాలించాడు. వ్రతం వేరు, జబ్బు వేరు. కానీ రెండుచోట్లా చివరి మాట ఆ మనిషిదే.

తిండి పోసే ముక్కు పైపు వచ్చాక ఆ మాట వినేవాళ్లు తగ్గారు.

బ్రిటిష్ వైద్యుడు జాన్ రైల్ 1921లో సన్నని రబ్బరు గొట్టం తయారుచేసింది కడుపులోని రసాలను పరీక్షకు తీయడానికి. తిండి పెట్టే పని దానికి తర్వాత అంటింది. పొట్టకు చిన్న రంధ్రం చేసి నేరుగా పైపు వేసే పద్ధతిని 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మొదలుపెట్టింది చిన్నపిల్లల కోసం. అక్కడి నుంచి అది వృద్ధుల మంచాల దాకా పాకింది. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారికి, గొంతు క్యాన్సర్ రోగికి ఈ పైపు నిజంగా ప్రాణదాత. మతిమరుపు జబ్బు ముదిరిన ముసలమ్మ సంగతి వేరు. ముక్కు మీద ప్లాస్టర్, సిరంజితో పోసే పాలు, పైపు పీకేయకుండా మంచానికి కట్టిన చెయ్యి. అలాంటివారికి పైపు ఆయుష్షు పెంచుతుందన్న ఆధారం లేదని, ఓపిగ్గా చేత్తో తినిపించడమే మేలని అమెరికా వృద్ధ వైద్యుల సంఘమే చెబుతోంది.

వద్దనే హక్కు కోర్టు మెట్లెక్కి చాలా ఏళ్లయింది. 2004లో హైదరాబాద్‌లో కండరాల క్షీణతతో బాధపడుతున్న పాతికేళ్ల చదరంగం ఆటగాడు వెంకటేశ్ వెంటిలేటర్ తీసి తన అవయవాలు దానం చేయమన్నాడు. తల్లి సుజాత హైకోర్టుకు వెళ్లింది. చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. ఆ డిసెంబరులోనే అతను పోయాడు. కోరిక అంత స్పష్టంగా చెప్పినా తీరని ఆ కొడుకు కథ తెలుగువాళ్లు మరవకూడనిది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, ప్రాణం నిలిపే చికిత్స వద్దని ముందే రాసిపెట్టే ముందస్తు వీలునామాను గుర్తించింది. మేజిస్ట్రేటు సంతకం కావాలనడంతో అది కాగితం మీదే మిగిలింది. 2023 జనవరిలో ఆ మెలిక తీసేసి, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలన్నారు. వీలునామా రాసిన మనిషి మాట్లాడలేని స్థితికి వస్తే, అందులో పేరు రాసిన ఆప్తుల సమ్మతితో రెండు వైద్య బృందాలు నిర్ణయిస్తాయి.

వీలునామా ప్రతిని భద్రపరిచే అధికారిని పంచాయతీ, మునిసిపాలిటీలే నియమించాలని కూడా తీర్పులో ఉంది. కొడుకులు దుబాయిలోనో హైదరాబాద్‌లోనో ఉండి, వృద్ధాశ్రమాల్లోనో ఒంటరి ఇళ్లలోనో రోజులు గడుపుతున్న సిద్దిపేట పెద్దలకు ఈ సంగతి చెప్పాల్సింది ఆశా కార్యకర్తలు, నర్సులు, ఆశ్రమాల వార్డెన్లు. అదీ వాళ్లకు ఇంకా మాట ఉన్నప్పుడే, ఆసుపత్రిలో చేర్చక ముందే.