సరిహద్దు దాటిన పర్మిట్: అమెరికాలో తుపాకీ అనుమతుల పరస్పర గుర్తింపు

అమెరికాలో ఒక రాష్ట్రం ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్స్ సాధారణంగా దేశమంతా చెల్లుతుంది. బట్టల మాటున తుపాకీ పెట్టుకుని తిరిగేందుకిచ్చే పర్మిట్‌కు ఆ భరోసా లేదు. ఒక రాష్ట్రపు పర్మిట్‌ను మరో రాష్ట్రం ఒప్పుకోవడాన్నే ‘రెసిప్రాసిటీ’ అంటున్నారు. ఇది రాష్ట్రాలు తమంతట తాము ఇచ్చుకునే వెసులుబాటు, ఎప్పుడైనా రద్దు కావచ్చు. వర్జీనియా 2015 డిసెంబరులో 25 రాష్ట్రాల పర్మిట్లు ఇక చెల్లవని ప్రకటించి, రాజకీయ రాజీ కుదరగానే కొద్ది వారాలకే మాట మార్చుకుంది.

ఈ అనిశ్చితి భారమంతా ప్రయాణికుడి మీదే పడుతోంది. 2013లో పెన్సిల్వేనియా పర్మిట్ ఉన్న ఒక తల్లిని న్యూజెర్సీలో పోలీసులు ఆపారు. తుపాకీ ఉందని ఆమే చెప్పింది. న్యూజెర్సీ ఆ పర్మిట్‌ను గుర్తించదు కాబట్టి ఏళ్ల తరబడి జైలుశిక్ష పడగల కేసు పెట్టారు. 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్షతో గాని ఆ కథ ముగియలేదు.

1986 నాటి ఫెడరల్ చట్టం దారిలో రక్షణ ఇస్తుందంటారు. అందుకు బయల్దేరిన చోటా చేరే చోటా తుపాకీ చట్టబద్ధమై ఉండాలి, అందులో తూటాలు ఉండకూడదు, అది చేతికి అందే చోట ఉండకూడదు. కానీ యూటా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడు తుపాకీని నిబంధనల ప్రకారమే లగేజీలో అప్పగించాడు. విమానం ఆలస్యమై న్యూజెర్సీలోని నెవార్క్‌లో చిక్కుకుపోయి, పెట్టె తీసుకుని రాత్రి హోటల్లో గడిపాడు. పొద్దున మళ్లీ చెకిన్ దగ్గర తుపాకీ సంగతి చెప్పగానే అరెస్టయ్యాడు. హోటల్లో పెట్టె అతని చేతికి అందుబాటులోనే ఉంది కాబట్టి రక్షణ వర్తించదని 2010లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. అతని తప్పేమీ లేకుండానే చిక్కులో పడ్డాడని న్యాయమూర్తులూ ఒప్పుకున్నారు.

ప్రత్యేక కారణం చూపిస్తేనే పర్మిట్ ఇస్తామన్న న్యూయార్క్ నిబంధనను 2022లో సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో 6–3తో కొట్టేసింది. ఇతర రాష్ట్రాల పర్మిట్లను గుర్తించి తీరాలని మాత్రం చెప్పలేదు. మరోవైపు 2024 నాటికి 29 రాష్ట్రాల్లో అసలు పర్మిటే అక్కర్లేదు. గుర్తింపును దేశమంతా తప్పనిసరి చేసే బిల్లు 2017లో ప్రతినిధుల సభలో 231–198తో నెగ్గినా సెనేట్ దాటలేదు. దాని ప్రకారమైతే శిక్షణే లేని మనిషినీ న్యూయార్క్ ఒప్పుకోవలసి వచ్చేది. అది న్యాయం కాదు.

అమెరికాలోని తెలుగువారు ఒకటి గమనించాలి. హెచ్-1బి, విద్యార్థి వీసాలున్నవారు తుపాకీ కలిగి ఉండటాన్నే ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. వేట లైసెన్స్ వంటి మినహాయింపులు కొన్నే. టెక్సాస్‌లో పర్మిట్ అక్కర్లేదన్న మాట వీరికి రక్షణ కాదు.

నా దృష్టిలో ముందు కావలసింది ఉమ్మడి కనీస ప్రమాణం: కాల్పుల శిక్షణ, వయసు, నేరచరిత్ర పరిశీలన. దాన్ని అందుకున్న పర్మిట్‌ను ఏ రాష్ట్రమూ కాదనకూడదు. అంతవరకు, సొంత రాష్ట్రపు పర్మిట్ ఉండి, ఎవరికీ హాని చేయకుండా, తుపాకీ ఉందని తానే చెప్పిన ప్రయాణికుడికి మొదటిసారి జరిమానా చాలు, జైలు వద్దు.