ఒక వేట – ఒక కొట్టివేత



మూస్ అనే జంతువుకు తెలుగులో పేరు లేదు. దుప్పి, కణితి, సారంగము, కురంగము, ఏణము, రురువు అంటూ లేళ్ళకూ దుప్పులకూ మన నిఘంటువుల్లో పేర్ల కొదవ లేదు. కాని మంచుదేశపు అడవుల్లో గుర్రాన్ని మించిన ఎత్తుతో, పోతు అయితే చేటల్లాంటి కొమ్ములతో, చిత్తడి నేలల్లో తిరిగే ఆ మృగం మన పూర్వకవుల కంట పడలేదు. కంట పడని దానికి పేరెవరు పెడతారు? పోనీ ‘మూస’ అందామంటే కంసాలి మూస అడ్డు వస్తుంది. కనుక మూస్ అనే అంటాను. ఆ మాట ఇంగ్లీషువారి సొంతం కూడా కాదు. ఈశాన్య అమెరికాలోని ఆల్గాంకియన్ కుటుంబానికి చెందిన ఆదివాసి భాషల నుంచి పదిహేడవ శతాబ్ది తొలినాళ్ళలో వారు ఎరువు తెచ్చుకున్నది. కొమ్మల బెరడును ఒలిచి తినేది అన్న అర్థం అందులో ఉందంటారు భాషావేత్తలు. జంతువును చూసినవాడే పేరు పెట్టాడన్నమాట.

ఈ జంతువు వేటకు స్నేహితుడి వెంట అడవికి వెళ్ళి, తుపాకి ముట్టకుండా తిరిగివచ్చి, ఆ వేటను జీవితాంతం మరచిపోలేని ఒక మనిషి కథ ఇది. ఆ మనిషి హెన్రీ డేవిడ్ థోరో. గాంధీగారి శాసనోల్లంఘన ప్రసక్తి వచ్చినప్పుడల్లా మనం తలచుకునే థోరోయే. పన్ను కట్టనని 1846లో ఒక రాత్రి జైలులో ఉన్నవాడు, వాల్డెన్ చెరువు గట్టున కుటీరం వేసుకుని మన భగవద్గీతను ఇంగ్లీషులో చదువుకున్నవాడు. నాకు ఆయన మీద అభిమానం కలగడానికి కారణం మాత్రం వేరు. 1837లో సొంత ఊరు కాంకర్డ్‌లో బడిపంతులుగా చేరాడు. పిల్లలను దండించడం లేదేమని బడి పెద్ద ఒకరు ఆక్షేపించగా, కొందరిని కొట్టి చూపించి, ఆ ఉద్యోగం వదిలేసి ఇంటికి పోయాడు. చేరి రెండు వారాలే. ముప్పయ్యేళ్ళకు పైగా బెత్తం చేత పట్టి బతికిన నాబోటివాడికి ఆ రెండు వారాలు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటాయి.

1853 సెప్టెంబరులో థోరో బోస్టన్ దగ్గర ఆవిరి ఓడ ఎక్కి, ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని బాంగోర్‌లో దిగాడు. అక్కడ జార్జ్ థాచర్ ఉన్నాడు. థోరో మేనత్త కూతురి భర్త. మన వరుసల ప్రకారం అన్నదమ్ముడే కావాలి గాని, ఇద్దరూ స్నేహితుల్లా మెలిగినవారు. మూస్‌ను వేటాడాలన్న కోరిక థాచర్‌ది. వేటగాడుగా పెనాబ్‌స్కాట్ తెగకు చెందిన జో ఆటియన్ అనే యువకుణ్ణి కుదిర్చిందీ అతనే. జో వయస్సు ఇరవైనాలుగు. తెగ నాయకుడి కుమారుడు. బండిలో మూస్‌హెడ్ సరస్సు దాకా, సరస్సు మీద ఆవిరి పడవలో ఉత్తరపు కొస దాకా, అక్కడి నుంచి రెండు మైళ్ళు నేల మీదుగా పడవనూ సామానునూ దాటించి, పెనాబ్‌స్కాట్ నది పడమటి పాయలో దిగారు. పడవ భూర్జపు బెరడుతో కట్టినది. పందొమ్మిదిన్నర అడుగుల పొడవు. మన ప్రాచీనులు గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రానికి దగ్గరి బంధువైన చెట్టే, అక్కడివారికి పడవ అయింది.

తాను వేటకు రాలేదని థోరో ముందే చెప్పుకున్నాడు. వేటగాళ్ళ వెంట పోతున్నందుకు మనస్సు పీకుతూనే ఉన్నా, మూస్‌ను దగ్గరగా చూడాలి, ఆదివాసి దాన్ని ఎలా వేటాడతాడో తెలుసుకోవాలి అన్న కుతూహలం గెలిచింది. సైన్యం వెంట పురోహితుడు నడిచినట్లు వెళ్ళానని ఆయన భావం. ఈ సర్దుబాటు మనకు తెలియనిదా? పందెం కాయను, చూడ్డానికి పోతున్నానంతే అనుకుంటూ సంక్రాంతికి బరి దగ్గర నిలబడేవారం మనమూ ఉన్నాం.

జో విషయంలో థోరోకు మొదట ఒక చిన్న ఆశాభంగం కలిగింది. అరణ్యపుత్రుణ్ణి ఊహించుకుని వెళ్ళినవాడికి, ఆ రోజుల్లో ఊరూరా మారుమోగే ‘ఓ సుసానా’ పాటను ఈలలో వేస్తూ తెడ్డు వేసే కుర్రవాడు కనిపించాడు. పూర్వుల్లా అడవి మీదే ఆధారపడి బతకగలవా అని అడిగితే, వాళ్ళు అలాగే బతికారు గాని తాను మాత్రం రొట్టె, పంది మాంసం లేకుండా అడవికి రానని జో నిక్కచ్చిగా చెప్పాడు. నాకు ఈ జవాబు మహా ఇష్టం. మనం కూడా గిరిజనుల గురించి రాసేటప్పుడు వారు మన ఊహలోని బొమ్మలా ఉండాలని ఆశిస్తాం. వారికి మరో పని లేనట్లు.

చీకటి పడ్డాక జో భూర్జపు బెరడును గరాటాలా చుట్టి, ఊది, మూస్‌ను పిలిచాడు. ఏదీ రాలేదు. నిశ్శబ్దంలో దూరాన ఏదో బరువుగా ఒరిగిన చప్పుడు. చెట్టు పడిందని జో చెప్పాడు. గాలి లేని రాత్రి తనంతట తాను పడిన ఒక చెట్టు ధ్వని గురించి థోరో రాసింది చదివితే వేట కన్న అదే ఎక్కువగా గుర్తుండిపోతుంది.

మరునాడు ఒక చిన్న ఏటి మలుపులో తల్లీ పిల్లా కనిపించాయి. పొడుగాటి చెవులతో, బెదిరిన పెద్ద కుందేళ్ళలా తొంగిచూశాయట. థాచర్ తల్లి మీదికి ఒక గుండు, పిల్ల మీదికి ఒక గుండు పేల్చాడు. రెండూ అడవిలోకి పారిపోయాయి. జో జాడ పట్టి కొంత దూరం పోయి, దొరకక తిరిగివచ్చాడు. ఆ తరువాత పైన్ ఏటిలో పైకి పోతూండగా, నీటి నడుమ ఆ తల్లి చచ్చి పడి ఉంది. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది.

ఇక్కడ థోరో చేసిన పని చూడండి. పడవకు కట్టిన తాడు తీసుకుని, ముళ్ళు వేసుకుంటూ ఆ కళేబరాన్ని కొలిచాడు. ఆ కొలతలను తరువాత అడుగులూ అంగుళాల లెక్కకు మార్చుకున్నాడు. వృత్తి రీత్యా ఆయన భూమి కొలిచే సర్వేయరు. కళ్ళెదుట జరిగినదాన్ని ఎలా తీసుకోవాలో తెలియనప్పుడు మనిషి తనకు తెలిసిన పనిలోకి దూరుతాడు. తరువాత జో మామూలు జేబుకత్తితో చర్మం ఒలవడం మొదలుపెట్టాడు. ఆ వెచ్చని ఒంటి నుంచి, చీలిన పొదుగు నుంచి పాలు కారాయి. అదంతా ఆయన నిలబడి చూశాడు, దాచకుండా రాశాడు. చర్మమూ కొంత మాంసమూ తీసుకుని మిగిలిన దేహాన్ని అక్కడే వదిలేశారు. పిల్ల ఏమైందో తెలియలేదు.

ఆ రాత్రి థాచర్, జో మళ్ళీ వేటకు పోయారు. థోరో పోలేదు. ఒంటరిగా నెగడు ముందు కూర్చుని, ఆ రోజు సేకరించిన మొక్కల వివరాలు రాసుకున్నాడు. పొరుగువాడి గుర్రాన్ని రాత్రిపూట పచ్చికబయలులో కాల్చి చంపడానికీ దీనికీ తేడా ఏమిటన్న ఆలోచన ఆయనకు వచ్చింది అప్పుడే. పొట్ట కోసం వేటాడేవాణ్ణి ఆయన తప్పు పట్టలేదు. చంపిన తృప్తి కోసమే చంపడం దగ్గర ఆయన మనస్సు విరిగింది. ఆ మధ్యాహ్నపు ఘోరంలో, అందులో తనకున్న పాలుతో సహా, తన యాత్రానందం నశించిందన్నాడు. వేటను సప్తవ్యసనాల్లో ఒకటిగా లెక్కించి విదురుడి చేత హెచ్చరింపజేసిన భారతం మనది. శోకం శ్లోకమైన ఆదికావ్య కథా వేటతోనే మొదలయింది. అయితే వాల్మీకి బోయవాణ్ణి శపించి ఊరుకోగలిగాడు. థోరోకు ఆ వెసులుబాటు లేదు. తుపాకి పట్టినవాడు ఆప్తుడు, అదే పడవలో తానూ ఉన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఒక రాత్రి ఆదివాసి వేటగాళ్ళ విడిదిలో గడిపారు. నిప్పు మీద పందిరి వేసి మూస్ మాంసం ఎండబెడుతున్నారు. కింద పరచుకోవడానికీ మూస్ తోళ్ళే. అక్కడ జో తనవాళ్ళతో తన భాషలో మాట్లాడాడు. ఆ మాటలను థోరో పొద్దుపోయేదాకా వింటూ పడుకున్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏళ్ళ తరబడి పొలాల్లో రాతి బాణపు మొనలు ఏరుకున్న మనిషికి, ఆ బాణాలు వేసినవారి భాష చెవిన పడిన రాత్రి అది. 1663లో జాన్ ఎలియట్ బైబిలును అచ్చు వేయించింది దానికి దగ్గరి చుట్టమైన భాషలోనే. ఊళ్ళ పేర్లకు, ఏళ్ళ పేర్లకు అర్థాలు అడిగి రాసుకున్నాడు. తాము చూసివచ్చిన చెసన్‌కుక్ సరస్సు పేరుకు, చాలా ఏళ్ళు వచ్చి కలిసే చోటు అని చెప్పారు. పగలు ఈల పాటతో ఆశాభంగం కలిగించిన జో, రాత్రి తన భాషలోకి వెళ్ళగానే థోరోకు అందనంత దూరం వెళ్ళిపోయాడు. ఈ ఒక్క ఘట్టం కోసం ఆ వ్యాసాన్ని భాషోపాధ్యాయులందరూ చదవాలంటాను.

‘చెసన్‌కుక్’ అన్న పేరుతో ఆ వ్యాసం 1858లో జూన్ నుంచి ఆగస్టు దాకా అట్లాంటిక్ మంత్లీ పత్రికలో మూడు భాగాలుగా వచ్చింది. అడవినీ అందులోని మృగాలనూ మనుషులనూ జాతి సంపదగా కాపాడే రక్షిత ప్రాంతాలు ఎందుకు ఉండకూడదని అందులో ఆయన అడిగాడు. ఎల్లోస్టోన్ పార్కు ఏర్పడింది 1872లో. మెయిన్ రాష్ట్రంలో మూస్ వేటను 1930ల్లో పూర్తిగా ఆపారు. 1980లో లాటరీ తీసి 700 పర్మిట్లు ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ జంతువులకు తుపాకి కన్న పెద్ద గండం పిడుదులు. చలికాలాలు కుదించుకుపోయేకొద్దీ ఒక్కో దూడ ఒంటి మీద వేలూ పదివేలుగా పట్టి నెత్తురు పీల్చి చంపుతున్నాయి.

ఆ పత్రిక సంపాదకుడు జేమ్స్ రసెల్ లోవెల్. స్వయంగా కవి, పండితుడు. వ్యాసంలో ఒకచోట థోరో మూస్ నుంచి పైన్ వృక్షానికి వస్తాడు. చెట్టును ప్రేమించేవాడు కలప కోసేవాడు కాదు, తారు తీసేవాడు కాదు, కవి అంటాడు. ఆ చెట్టుకూ తనలాగే చావు లేదనీ, బహుశా తనంత ఎత్తు స్వర్గానికే అదీ చేరుతుందనీ ఒక వాక్యం రాశాడు. చెట్టుకు ఆత్మ ఏమిటి, స్వర్గమేమిటి? లోవెల్ ఆ వాక్యాన్ని కొట్టివేశాడు. ప్రూఫులో అది కొట్టివేసి కనిపిస్తే థోరో ఉంచమని గుర్తు పెట్టి పంపాడు. అయినా జూలై సంచికలో ఆ వాక్యం లేదు. 1858 జూన్ 22న థోరో రాసిన ఉత్తరం ఎంత మర్యాదగా ఉంటుందో అంత వాడిగా ఉంటుంది. తన భావాన్ని అంగీకరించమని కోరడం లేదు, నచ్చకపోతే వ్యాసమే వేయకుండా ఉండవలసింది, తన అనుమతి లేకుండా మాట తీసేయడం పిరికితనం అన్నది దాని సారాంశం. లోవెల్ సంపాదకుడుగా ఉన్నంతకాలం మళ్ళీ ఆ పత్రికకు ఒక్క అక్షరం పంపలేదు. రావిచెట్టుకు ఉపనయనం చేసి, వేపకు ఇచ్చి పెళ్ళి చేసే మనకు ఆ వాక్యంలో అభ్యంతరం ఏమిటో వెంటనే బోధపడదు గాని, అప్పటి న్యూ ఇంగ్లండు క్రైస్తవ పాఠకులకు అది ముల్లే.

లోవెల్‌ను నిందిద్దామని మొదలుపెట్టి కలం ఆపాను. కారణం చెప్పాలి. అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో పనిచేస్తున్న రోజుల్లో, బడిలో పిల్లల చేత లిఖిత పత్రిక పెట్టించాను. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు తండ్రి వెంట కుందేలు వేటకు పోయిన సంగతి రాశాడు. ఉచ్చు ఎలా పన్నారో, రాత్రి ఎలా కాపు కాశారో చక్కగా రాసి, చివర ఇంటికి తెచ్చి కోస్తే కడుపులో పిల్లలు ఉన్నాయనీ, వాళ్ళమ్మ ఆ పూట కూర వండలేదనీ ముగించాడు. నేను ఎర్రసిరాతో ఆ చివరి రెండు వాక్యాలూ కొట్టి, పక్కన ‘ఔచిత్యం లేదు’ అని రాశాను. క్షేమేంద్రుణ్ణి చదువుకున్న పొగరు. వాడు మారు మాట్లాడకుండా తక్కినది దస్తూరి తిప్పి రాసి ఇచ్చాడు. పత్రిక బాగుందని అందరూ అన్నారు. తరువాతి సంచికలకు ఎంత అడిగినా వాడు ఏమీ రాయలేదు. థోరోలా ఉత్తరం రాయడానికి వాడికి పదమూడేళ్ళు.

థోరో 1862 మే 6న క్షయతో కన్నుమూశాడు. చెల్లెలు సోఫియా, మిత్రుడు ఎలరీ చానింగ్ కలిసి 1864లో ప్రచురించిన ‘ద మెయిన్ వుడ్స్’ అన్న పుస్తకంలో లోవెల్ తీసేసిన వాక్యం తిరిగి తన చోటికి చేరింది.

జో ఆటియన్ తరువాతికాలంలో తన తెగకు గవర్నరుగా ఎన్నికయ్యాడు. బతుకుతెరువు మాత్రం నదిలో దుంగలు తోలే పనే. 1870 జూలై 4న పెనాబ్‌స్కాట్ జలపాతాల దగ్గర పడవ ప్రమాదంలో మునిగిపోయాడు. అతణ్ణి ఎరిగిన కుటుంబంలో పుట్టిన ఫానీ హార్డీ ఎక్‌స్టార్మ్ అనే రచయిత్రి 1904లో వెలువరించిన ‘ద పెనాబ్‌స్కాట్ మాన్’లో ఆ మరణాన్ని కళ్ళకు కట్టినట్లు రాసింది. నది మీద పనిచేసేవారి ఆచారం ప్రకారం అతని బూట్లు ఒడ్డున చెట్టుకొమ్మకు తగిలించారట. పక్కనే కూర్చోబెట్టుకుని తిరిగినా థోరో జోను సరిగా చూడలేదని ఆమె బాధ. అందులో నిజం ఉంది. కాని ఆయన ప్రయత్నం మానలేదనడానికి సాక్ష్యం, ఆదివాసుల గురించి ఆయన రాసిపెట్టుకున్న పదకొండు నోటుపుస్తకాలు. దాదాపు 2,800 పుటలు. వాటి నుంచి ఒక్క గ్రంథమూ కూర్చుకోకుండానే పోయాడు.

అవసానకాలంలో థోరో అన్న చివరి వాక్యాన్ని చానింగ్ పట్టుకోలేకపోయాడు. అందులో రెండు మాటలే తెలిశాయని రాశాడు. ఒకటి మూస్. రెండోది ఇండియన్.