గంగాళం, జెట్ పంపు, హాట్ టబ్బు

హాట్ టబ్బు అనగానే మనకి పాత సినిమాల్లో విలన్ గుర్తొస్తాడు. నురగలో మెడదాకా మునిగి, చేతిలో గ్లాసుతో, ఫోనులో ఎవర్నో చంపించమని చెబుతుంటాడు :-) నిజానికి ఆ నురగ పంపు పుట్టింది ఓ చిన్నపిల్లాడి కీళ్ళనొప్పుల కోసం. ఇప్పుడు నా చుట్టుపక్కల దాని గురించి అడిగేవాళ్ళు కూడా విలాసం కోసం అడగట్లేదు. పదిహేనేళ్ళు కుర్చీలో కూర్చుని నడుం అరగదీసుకున్న మనబోటి సాఫ్టువేరు జనం, ఊళ్ళో మోకాళ్ళు పట్టేసిన అమ్మానాన్నల కోసం చూస్తున్నవాళ్ళు. "మొదటిసారి కొంటున్నాం, తక్కువలో అయిపోవాలి, నొప్పి తగ్గాలి, ఏది తీసుకోమంటావ్?" ఇదీ ప్రశ్న.

దీనికి బ్రాండు పేరుతో జవాబు చెప్పే ముందు కాస్త చరిత్ర చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ తొట్టి చరిత్ర మొత్తం వేన్నీళ్ళ ఖర్చు చరిత్రే. అది అర్థమైతే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవాలో దానంతటదే తెలుస్తుంది.

ముందు మా వైపు సంగతి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒళ్ళునొప్పులకి మందు ఎప్పుడూ ఒకటే, కాపడం. పెరట్లో నూతి పక్కన మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద అడుగంతా మసి పట్టిన కాగు. అందులో వావిలాకు వేసి మరిగించి, నొప్పులున్నవాళ్ళకీ బాలింతలకీ ఒంటి మీద పోసేవాళ్ళు. కాస్త కలిగిన ఇళ్ళల్లో ఇత్తడి గంగాళం ఉండేది. శ్రీకాకుళం జిల్లా బుడితి గ్రామం ఇత్తడి, కంచు పనికి పెట్టింది పేరు, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇప్పుడా గంగాళాలు చాలావరకు ఫ్లాటుల్లో హాల్లో పువ్వులు వేసుకునే అలంకారాలైపోయాయి, అది వేరే విషయం.

అయితే ఇందులో ఒక సంగతి గమనించండి. మనవాళ్ళు వేన్నీళ్ళు పోసుకున్నారు, వేన్నీళ్ళలో మునగలేదు. ఎందుకు? ఇంజనీరు బుద్ధితో ఓ చిన్న లెక్క వేద్దాం. ఒక మనిషి కూర్చుని మునగాలంటే 200 లీటర్లైనా కావాలి. 28 డిగ్రీల నూతి నీళ్ళని 40 డిగ్రీలకి తేవాలంటే 200 ఇంటు 12, అంటే 2400 కిలో కేలరీలు. ఎండు కట్టె కిలోకి 3500 కిలో కేలరీలు ఇస్తుందనుకున్నా, మూడు రాళ్ళ పొయ్యిలో దాదాపు పదిలో తొమ్మిది వంతుల వేడి గాలికే పోతుంది. పైగా అన్ని నీళ్ళూ చేద వేసి తోడాలి, తొట్టి దాకా మొయ్యాలి. తేలిందేంటంటే, ఒక్క మునకకి అటూఇటూగా ఏడు కిలోల కట్టెలు. సరుగుడు పుల్లలూ, కొబ్బరి మట్టలూ ఏరుకొచ్చి వంట చేసుకునే ఇంట్లో అది రెండు పూటల పొయ్యి. అందుకని రెండు చెంబులు వెచ్చగా పోసుకుంటే చాలనుకున్నారు. తెలియక కాదు, గిట్టుబాటు కాక.

తెలియక కాదని ఎలా చెప్పొచ్చంటే, చరక సంహితలోనే ఉంది. సూత్రస్థానం 14వ అధ్యాయంలో చెమట పట్టించే స్వేద చికిత్సలు 13 రకాలు చెప్పారు. వాటిలో ఒకటి అవగాహం, అంటే తొట్టిలో దిగి కూర్చోవడం. ఆ తొట్టిలో ఏం నింపాలంటే వాతహరమైన కషాయం, పాలు, నూనె, నెయ్యి, మాంసరసం... చదువుతుంటేనే బిల్లు కళ్ళముందు కనిపిస్తుంది. జాబితా చివర్లో ఉత్త వేన్నీళ్ళు కూడా ఉన్నాయి లెండి. బడ్జెట్ వెర్షన్ అన్నమాట!

కట్టెలతో పనిలేని వేన్నీళ్ళు ఇచ్చింది భూమి ఒక్కటే. ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళితే అక్కణ్ణించి సుమారు 50 కిలోమీటర్లలో, తూర్పు కనుమల్లో తప్తపాణి ఉంది. గంధకం వాసనొచ్చే వేడినీటి బుగ్గ. ఇప్పుడు ఒడిశా అంటున్నాం గానీ 1936 ఏప్రిల్ 1 దాకా అదీ, మా శ్రీకాకుళమూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఒకటే గంజాం జిల్లా. అక్కడి ప్రభుత్వ పర్యాటక వసతి గృహంలో కొన్ని గదుల స్నానపు తొట్టెలకి ఆ బుగ్గ నీళ్ళే గొట్టం ద్వారా వస్తాయి. "హాట్ టబ్బు కొనాలా వద్దా" అని ఊగిసలాడుతున్నవాళ్ళకి నా మొదటి సలహా అదే. లక్ష ఖర్చు పెట్టే ముందు ఒక రాత్రి అక్కడ గది తీసుకుని, నానితే మీ నొప్పికి నిజంగా హాయిగా ఉందో లేదో చూసుకోండి. మనం సాఫ్టువేరు కొనే ముందు ట్రయల్ వెర్షన్ వాడమా ఏంటి?

ఇక తొట్టి మన ఇళ్ళల్లోకి వైద్యం పేరుతో రావడం వెనక ఒక తెలుగాయన ఉన్నారు. జర్మనీలో లైప్‌జిగ్ నగరంలో లూయీ కూనే అనే ఆయన మందుల్లేకుండా నీళ్ళతోనూ, తిండితోనూ వైద్యం చేసి పేరు తెచ్చుకున్నాడు. ఆయన పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ గారు 1894లో తెలుగులోకి తెచ్చారు. హిందీ, ఉర్దూల్లోకి రావడానికి ఇంకో పదేళ్ళు, 1904 దాకా పట్టింది. భారతదేశంలో ప్రకృతి వైద్య ఉద్యమం చరిత్ర చెప్పేవాళ్ళు దాదాపు ఎప్పుడూ ఈ తెలుగు అనువాదంతోనే మొదలుపెడతారు. తర్వాత గాంధీగారు దక్షిణాఫ్రికాలో కూనే స్నానాలు చేశారు, 1942-44 మధ్య ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో రాసిన ఆరోగ్య పుస్తకంలో తొట్టి స్నానం గురించి వివరంగా చెప్పారు. మన దగ్గర భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు గారి ప్రకృతి ఆశ్రమం ఈ దారిలోదే.

కానీ ఇక్కడో మెలిక ఉంది. కూనే తొట్టి స్నానం నడుం దాకానే, అదీ ఎక్కువగా చల్లనీళ్ళతో. దానికి కారణం ఆయన సిద్ధాంతమే, ఖర్చు కాదు. అయినా ఫలితం మాత్రం మన జేబుకి సరిగ్గా సరిపోయింది. కట్టెలక్కర్లేదు, నీళ్ళు కొంచెమే. అందుకే రేకు తొట్టి పల్లెల దాకా పాకింది, వేన్నీళ్ళ తొట్టి పాకలేదు.

వేడి, నీళ్ళు, పంపు మూడూ ఒకచోట చేరింది అమెరికాలో. ఇటలీ నుంచి వలస వెళ్ళిన జకూజీ అన్నదమ్ములు ఏడుగురు. 1915లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో విమానాల పంకాలు చేయడంతో మొదలుపెట్టి, తర్వాత మూసిన క్యాబిన్ ఉన్న విమానం కూడా తయారుచేశారు. 1921లో అది కూలిపోయి అన్నదమ్ముల్లో ఒకాయన పోయాడు. దాంతో విమానాలు మానేసి వ్యవసాయపు నూతుల్లోంచి నీళ్ళు తోడే పంపుల్లోకి దిగారు. సన్నని మూతిలోంచి నీళ్ళని వేగంగా తోసి, ఆ లాగుడుతో కింద నీళ్ళని పైకి రప్పించే పంపు. మన ఊళ్ళల్లో బోరుకి వేయించే జెట్ పంపు సూత్రం కూడా ఇదే!

అందరికన్నా చిన్న తమ్ముడు కాండిడో కొడుకు కెన్నెత్‌కి పసితనంలోనే కీళ్ళవాతం వచ్చింది. ఆస్పత్రిలో నీళ్ళు సుడి తిరిగే తొట్టిలో కూర్చోబెడితే పిల్లాడికి ఉపశమనంగా ఉండేది. రోజూ ఆస్పత్రికి తిప్పలేక, 1940ల చివర్లో ఆ తండ్రి తమ పంపునే ఇంటి స్నానపు తొట్టిలో పెట్టేలా చిన్నదిగా చేశాడు. అదే 1956లో జే-300 పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1968లో ఆ కుటుంబంలోని తర్వాతి తరం వాడు రాయ్ జకూజీ జెట్లని తొట్టి గోడలోనే బిగించాడు. విలన్లకి పని కల్పించింది ఆయనే.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. నొప్పికి పనిచేసేవి మూడు. ఒకటి వేడి: కండరాలు సడలుతాయి, రక్తం బాగా తిరుగుతుంది. రెండు తేలుడు: నడుం దాకా మునిగితే కాళ్ళ మీద పడే బరువు సుమారు సగం, మెడ దాకా మునిగితే పదో వంతు. మూడు జెట్లు: నీటితో ఒళ్ళు పట్టడం. ఈ మూడింటిలో షోరూము వాళ్ళు అమ్మేది మూడోది, మన మోకాళ్ళు అడిగేది మొదటి రెండూ. 2016లో వచ్చిన కాక్రేన్ సమీక్ష 13 అధ్యయనాలు చూసి, మోకాలి, తుంటి కీళ్ళ అరుగుదలకి నీళ్ళలో చేసే వ్యాయామం కొద్దిగా, కొంతకాలం మేలు చేస్తుందని తేల్చింది. గమనించండి, నీళ్ళలో వ్యాయామం, ఉత్తినే నానడం కాదు. కొద్దిగా మేలు, నయం కావడం కాదు. ఇంతకంటే ఎక్కువ చెప్పి అమ్మేవాడి దగ్గర కొనకండి.

అమెరికాలో ఉన్న మిత్రులకి: తక్కువలో దొరికేది గాలి ఊదే టబ్బు. సుమారు 800 నుంచి 1000 లీటర్లు పడతాయి. వెయ్యి లీటర్లని 28 నుంచి 40 డిగ్రీలకి తేవడానికి 14 యూనిట్ల కరెంటు. హీటరు 1.3 కిలోవాట్లది అయితే 11 గంటలు. మీ ఊళ్ళో పైపు నీళ్ళు 10 డిగ్రీలుంటే ఈ లెక్క రెండింతలు దాటుతుంది. పైగా చాలావాటిని బయట 4 డిగ్రీలకి తగ్గితే వాడొద్దని వాటి పుస్తకంలోనే రాసి ఉంటుంది. జెట్లు ఎన్ని అని కాదు, మూత ఎంత మందం, గోడకి ఇన్సులేషన్ ఎంత అని అడగండి. నెలనెలా బిల్లు కట్టేది దానికే. నీళ్ళు నిలవ ఉంటాయి కాబట్టి క్లోరిన్ 3 పీపీఎం తగ్గకుండా, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండేలా చూసుకోవాలి. లేదంటే వెచ్చటి నీళ్ళలో పెరిగే లీజియొనెల్లా బ్యాక్టీరియా ఊపిరితిత్తుల దాకా వెళుతుంది.

ఇండియాలో ఫ్లాటు బాల్కనీలో పెడదామనుకునేవాళ్ళు ఇది తప్పక చదవండి. మన ఐఎస్ 875 ప్రమాణంలో ఇళ్ళల్లో గదులకి చదరపు మీటరుకి సుమారు 200 కిలోల బరువు, బాల్కనీలకి కనీసం 300 కిలోలు లెక్క. 65 సెంటీమీటర్ల లోతు నీళ్ళంటే చదరపు మీటరుకి 650 కిలోలు, మీరు దిగకముందే. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా ఆ పని పెట్టుకోవద్దు.

ఊళ్ళో పెద్దవాళ్ళకైతే అసలు ఇవేవీ వద్దంటాను. మోకాళ్ళు పట్టేసిన మనిషి రెండడుగుల పైచిలుకు గోడ ఎలా ఎక్కి దిగుతుంది చెప్పండి? నొప్పి తగ్గించడానికి కొన్న తొట్టిలోంచి జారిపడితే తుంటి ఎముక విరుగుతుంది.

ఇంకో జాగ్రత్త. నీళ్ళు 40 డిగ్రీలు దాటకూడదు, పావుగంట మించకూడదు. గుండె జబ్బు, లోబీపీ, గర్భం, షుగరుతో పాదాలు మొద్దుబారడం, కిడ్నీ సమస్య, వీటిలో ఏదున్నా డాక్టరుని అడగకుండా దిగొద్దు. కిడ్నీ మాట ఎందుకెత్తానంటే, మా ఉద్దానం సంగతి మీకు తెలిసిందే. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో ఇన్నేళ్ళుగా మనుషుల కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. కారణం ఏదైనా, నొప్పి మాత్రలు అదేపనిగా మింగితే కిడ్నీలకి చేటని మాత్రం వైద్యులందరూ చెప్పేదే. రోజంతా కొబ్బరితోటల్లో, జీడితోటల్లో నడుం వంచి, సాయంత్రం మందుల షాపులో మాత్ర కొనుక్కుని మింగే మనిషికి, ఆ మాత్రల్లో కొన్నిటినైనా తగ్గించగలిగే వేన్నీళ్ళు విలాసం ఎలా అవుతాయి?

అందుకని మా అమ్మ కోసం నేను తేల్చుకున్నది ఇది. పెరటి స్నానాలగదిలో సిమెంటు తొట్టి, సగం నేలలోకి దింపి. లోపల రెండు మెట్లు, కూర్చోడానికి గట్టు, పట్టుకోడానికి స్టీలు కడ్డీ, అడుగున గరుకు పలక. మేడ మీద 100 లీటర్ల సోలార్ హీటరు, ధర ఓ మోస్తరు స్మార్టుఫోను ధరకి అటూఇటూ. 60 డిగ్రీల నీళ్ళు 100 లీటర్లకి 28 డిగ్రీల నీళ్ళు 167 లీటర్లు కలిపితే 40 డిగ్రీల నీళ్ళు 267 లీటర్లు తయారు. కరెంటు సున్నా, కట్టెలు సున్నా. వానాకాలం ముసురు పట్టినప్పుడు మాత్రం గీజరే దిక్కు. 25 లీటర్ల గీజరు నాలుగుసార్లు మరగాలి, నాలుగు యూనిట్లు అవుతాయి.

రోజూ అక్కర్లేదు, వారానికి రెండుసార్లు చాలు. నీళ్ళు నిలవ ఉంచం కాబట్టి క్లోరిన్ గొడవ లేదు. వాడిన నీళ్ళు కాలవలోంచి తిన్నగా కొబ్బరిచెట్టు పాదులోకి పోతాయి. జెట్లు మాత్రం ఉండవు. వాటి బదులు మా చెల్లి కూతురు వెనక కూర్చుని చెంబుతో వీపు మీద పోస్తుంది.