షుగర్ ఉందా? చిగుళ్ల నుంచి రక్తం వస్తే వదిలేయొద్దు

షుగర్ అనగానే కళ్లు, కిడ్నీలు, పాదాలు గుర్తొస్తాయి. నోటి సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. బ్రష్ చేసేటప్పుడు రక్తం కనిపిస్తే ‘వేడి చేసింది’ అని సరిపెట్టుకుంటారు. కొందరైతే భయపడి ఆ వైపు బ్రష్ చేయడమే మానేస్తారు. దాంతో పాచి పేరుకుని సమస్య ఇంకా ముదురుతుంది.

ఎందుకు వస్తుంది?

రక్తంలో షుగర్ పెరిగితే లాలాజలంలోనూ గ్లూకోజ్ పెరుగుతుంది. నోట్లోని బ్యాక్టీరియాకు అదే మేత. ఇన్ఫెక్షన్‌ను తట్టుకునే శక్తి తగ్గుతుంది, పుండ్లు త్వరగా మానవు. పాచి గట్టిపడి గారగా మారుతుంది, చిగుళ్లు వాస్తాయి. ఆ తర్వాత పంటిని పట్టి ఉంచే ఎముక కరిగి, పుచ్చు లేని పన్ను కూడా కదిలిపోతుంది. మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి ఆలస్యంగా తెలుస్తుంది.

నష్టం రెండు వైపులా ఉంటుంది. చిగుళ్ల వాపు ఉంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు, షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. చిగుళ్లకు చికిత్స చేయించుకున్నవారిలో మూడు, నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ కొంత తగ్గినట్లు అధ్యయనాలు చెబుతున్నాయి.

ఈ గుర్తులుంటే డాక్టర్‌ను కలవాలి

• చిగుళ్లు ఎర్రబడటం, వాచడం, రక్తం లేదా చీము రావడం
• పళ్లు కదలడం, సందులు పెరగడం
• తగ్గని నోటి దుర్వాసన, నోరు ఎండిపోవడం
• నాలుక మీద తెల్లటి పూత, మంట

ఇంట్లో ఏం చేయాలి?

• మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్ట్‌తో పొద్దున, రాత్రి రెండేసి నిమిషాలు తోముకోవాలి. బొగ్గు, ఇటుక పొడి వద్దు.
• మిస్వాక్ వాడేవారు నమిలిన చివరను ఎప్పటికప్పుడు కత్తిరించాలి. చిగుళ్లను గీకకూడదు. రాత్రి పేస్ట్‌తో తోముకోవడం మానొద్దు.
• చాయ్, బిస్కెట్ల తర్వాత నీళ్లతో నోరు పుక్కిలించాలి.
• కట్టుడు పళ్లను రాత్రి తీసి శుభ్రం చేయాలి.
• జర్దా పాన్, గుట్కా, సిగరెట్ మానేయాలి.

రంజాన్‌లో సెహ్రీ తిన్నాక బ్రష్ చేసుకోవాలి. ఇఫ్తార్ నుంచి సెహ్రీ వరకు నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. మందుల వేళల మార్పు గురించి రంజాన్‌కు ముందే డాక్టర్‌ను అడగాలి.

డెంటిస్ట్ దగ్గరికి వెళ్లేటప్పుడు

ఆరు నెలలకోసారి చూపించుకోవడం మంచిది. పన్ను తీయించుకోవాలంటే టిఫిన్ తిని, మందు వేసుకుని పొద్దున పూట వెళ్లాలి. షుగర్ రిపోర్టులు చూపించాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. ప్రైవేటు ఖర్చు భారమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి.

ముఖం వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. షుగర్ ఉన్నవారిలో ఇన్ఫెక్షన్ వేగంగా పాకుతుంది.