బెదిరే గోడిగ, గొరపం పట్టిన చెయ్యి

గుర్రాల చరిత్ర అనగానే మనకు యుద్ధాలు, రౌతులు, రాజుల ఊరేగింపులు గుర్తుకు వస్తాయి. గుర్రం మీద కూర్చున్నవాడి పేరు శాసనాల్లో ఉంటుంది, అతని రూపం శిల్పాల్లో ఉంటుంది. గుర్రం పక్కన నిలబడి రోజూ దాని ఒళ్లు రుద్దినవాడి పేరు మాత్రం ఎక్కడో గాని కనబడదు. నిజానికి గుర్రానికి అతి దగ్గరగా వెళ్లేది అతడే. 400, 500 కిలోల బరువున్న జంతువు అది. దాని కడుపు కింద చెయ్యి పెట్టాలి, వెనుక కాళ్ల దగ్గర వంగాలి, గిట్ట ఎత్తి చూడాలి. అది బెదిరి ఒక్క తాపు తన్నిందంటే ఎముకలు విరుగుతాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అయినా మనిషి వేల ఏళ్లుగా ఈ పని చేస్తూనే ఉన్నాడు. ఎలా చేశాడు, చేస్తూ ఏం నేర్చుకున్నాడు అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

ముందుగా రెండు పాత తెలుగు మాటలు చెప్పుకుందాం. ఆడగుర్రాన్ని గోడిగ అంటారు. గుర్రం ఒళ్లు దువ్వే పళ్ల సాధనాన్ని గొరపం అంటారు. గొరపం ఒంటికి తగలగానే చెవులు వెనక్కి వాల్చి, తోక విసిరి, కాలెత్తే గోడిగలు ఉంటాయి. అలాంటిదాన్ని చూసి పొగరుబోతు గుర్రం అనడం లోకరీతి. అది పొగరా, లేక మరొకటా? ఈ ప్రశ్నకు సమాధానం మనిషికి చాలాకాలం కిందటే దొరికింది. దొరికినదాన్ని మరచిపోవడం, మళ్లీ వెతుక్కోవడం కూడా ఈ చరిత్రలో భాగమే.

క్రీస్తు పూర్వం 4వ శతాబ్దిలో గ్రీసు దేశంలో జెనొఫన్ అనే సేనాని ఉండేవాడు. సోక్రటీసు శిష్యుల్లో ఒకడు. గుర్రాన్ని కొనడం, పెంచడం, స్వారీ చేయడం గురించి ఆయన ఒక చిన్న గ్రంథం రాశాడు. ఆ గ్రంథంలో గుర్రపువాడి పనికి కూడా చోటిచ్చాడు. ఒళ్లు తోమడం తలతో, జూలుతో మొదలుపెట్టాలన్నాడు. పైభాగం మురికిగా ఉండగా కింది భాగం శుభ్రం చేసి లాభం లేదు కదా! తల మీద ఎముకకూ చర్మానికీ మధ్య కండ ఉండదు. అక్కడ ఇనుముతో గాని, కర్రతో గాని రుద్దితే నొప్పి పుడుతుంది, కాబట్టి నీళ్లతోనే కడగాలన్నాడు. వెన్ను మీద సాధనమేదీ వాడకుండా, వెంట్రుకలు వాలిన దిక్కుగా చేత్తోనే నిమరాలన్నాడు. మనిషి గుర్రానికి ఎదురుగా గాని, వెనుక గాని నిలబడకూడదు. భుజం పక్కన, దాని తోకవైపు ముఖం పెట్టి నిలబడి పని చేయాలి.

జెనొఫన్ అమాయకుడేమీ కాదు. కళ్లెం లేకుండా బయటికి తీసుకుపోయేటప్పుడు గుర్రం మూతికి చిక్కం కట్టాలని కూడా చెప్పాడు. కరిచే గుర్రాలు ఆయనకు తెలుసు. అయినా కోపంతో గుర్రం దగ్గరికి వెళ్లవద్దన్నాడు. గుర్రం దేన్నయినా చూసి బెదిరితే, ఆ వస్తువును మనం ముట్టుకుని చూపి, మెల్లగా దగ్గరికి నడిపించాలి. కొట్టి తోలితే బెదురు రెట్టింపవుతుంది. ఆ వస్తువు వల్లనే తనకు దెబ్బ తగిలిందని గుర్రం అనుకుంటుంది. ఈ మాట రాసి సుమారు 2,400 సంవత్సరాలయింది.

ఇక మన దేశానికి వద్దాం. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని విధుల మీద ఒక అధ్యాయమే ఉంది. ప్రతి గుర్రం వయసు, రంగు, గుర్తులు, పుట్టుక లెక్కలో రాయాలి. గోడిగలకు, మగ గుర్రాలకు, పిల్లలకు వేర్వేరు తావులు ఉండాలి. ఈనిన గోడిగకు మూడు రాత్రులు నెయ్యి పట్టాలి. అంటే ఆడగుర్రం అవసరాలు వేరని, దాని ఒంటి స్థితిని బట్టి దాన్ని చూడాలని ఆనాడే గుర్తించారన్నమాట.

మన తెలుగు దేశంలో కాకతీయుల కాలానికి సాహిణి అన్నది గొప్ప పదవి. అశ్వదళాలను చూసే అధికారి సాహిణి. గణపతిదేవ చక్రవర్తి కొలువులో గంగయసాహిణి పేరు చరిత్రకెక్కింది. తెలుగులో మనుమంచి భట్టు అశ్వశాస్త్రం రాశాడు. అయితే మన అశ్వశాస్త్రాల్లో సుడులకు పెద్ద పీట వేశారు. ఒంటి మీద ఫలానా చోట సుడి ఉంటే మంచిది, ఫలానా చోట ఉంటే యజమానికి కీడు అని లెక్కలు కట్టారు. సుడి చూసి గుర్రాన్ని కొనే అలవాటు పల్లెల్లో చాలాకాలం సాగింది. దీనిలో ఒక చిక్కు ఉంది. గుణమంతా పుట్టుకతోనే వచ్చిందనుకుంటే, దాన్ని పెంచిన చేతుల తప్పు ఎవరికీ కనబడదు.

దక్షిణాదికి గుర్రం సముద్రం మీద వచ్చిన ఖరీదైన సరుకు. 13వ శతాబ్ది చివర పాండ్యుల తీరానికి వచ్చిన మార్కో పోలో ఈ వ్యాపారం గురించి రాశాడు. హొర్ముజ్, ఏడెన్ వంటి రేవుల నుంచి ఏటా వేల గుర్రాలు వచ్చేవట. వాటిని సాకడం తెలియక, ఉడికించిన మాంసం, అన్నం పెట్టడంతో ఎన్నో చచ్చిపోయేవట. విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ మరో సంగతి రాశాడు. సాళువ నరసింహరాయలు దారిలో చనిపోయిన గుర్రానికి కూడా, దాని తోక తెచ్చి చూపిస్తే, వెల చెల్లించేవాడట. రాయలవారి కొలువులో గుర్రాలను చూసుకోవడానికి 1,600 మంది, శిక్షణ ఇవ్వడానికి 300 మంది ఉండేవారని కూడా ఆయనే రాశాడు.

ఈ 1,600 మందిని ఒక్కసారి తలచుకోండి. ఓడలో ఊగిసలాడి, వేరే ఎండకు, వేరే మేతకు, వేరే భాషకు వచ్చిన గుర్రం వీళ్ల చేతికి వచ్చేది. అది బెదరకుండా ఎలా ఉంటుంది? దాన్ని కాచి, కడిగి, మచ్చిక చేసినవాళ్లలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు.

మన దేశంలో గుర్రాన్ని కట్టే పద్ధతి ఒకటి పూర్వం విదేశీయులను ఆశ్చర్యపరిచింది. తలకు రెండు తాళ్లు వేసి ముందు మేకులకు, వెనుక కాళ్లకు తాళ్లు వేసి వెనుక మేకులకు కట్టేవారు. హిందుస్తానీలో వీటిని అగాడీ, పిఛాడీ అన్నారు. బారులు తీర్చి వందల గుర్రాలను నిలిపే సైనిక విడుదుల్లో ఇది అవసరమే. తన్నులాట తగ్గుతుంది, మనిషికి కొంత రక్షణ ఉంటుంది. అయితే తాడు కాలిని కట్టేస్తుంది గాని, భయాన్ని కట్టలేదు. గుర్రానికి ప్రకృతి ఇచ్చిన మొదటి రక్షణ పరుగు. పరుగుకు దారి మూసేస్తే దానికి మిగిలేవి పళ్లు, గిట్టలు. అందుకే కట్టిన గుర్రం కొన్నిసార్లు కట్టని గుర్రం కంటే ప్రమాదం.

ఇంగ్లీషువాళ్ల కాలానికి వస్తే, ఉత్తరాదిలో గుర్రపువాణ్ణి సాయీసు అనేవారు. మద్రాసు రాజధానిలో దొరలు హార్స్‌కీపర్ అన్నారు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు శ్రోతలకు మత్తిగిరి పేరు కొత్త కాదు. అక్కడి పశువుల క్షేత్రం 1824లో సైన్యానికి గుర్రాలను సమకూర్చడానికి మొదలైంది. ఇటు కర్ణాటకలో తుమకూరు దగ్గర కుణిగల్ అశ్వక్షేత్రం టిప్పు సుల్తాన్ అశ్వదళంతో ముడిపడినది. మనం రోజూ బస్సులో దాటిపోయే ఊళ్లలో ఒకప్పుడు తెల్లవారకముందే గొరపాల చప్పుడు వినిపించేదన్నమాట.

అదే శతాబ్దంలో జెనొఫన్ మాట మళ్లీ వినబడింది. 1858లో జాన్ రేరీ అనే అమెరికా దేశస్థుడు లండన్ వచ్చి, క్రూయిజర్ అనే భయంకరమైన మగ గుర్రాన్ని లొంగదీసి చూపాడు. విక్టోరియా రాణి సైతం ఆయన విద్యను చూసింది. రేరీ ముందరి కాలు ఒకటి మడిచి పట్టీతో కట్టి, గుర్రం అలసి పడుకునేదాకా ఓపిక పట్టేవాడు. ఆ తర్వాత ఒళ్లంతా మెల్లగా నిమిరేవాడు. కొరడా లేకపోవడం ఆనాటివాళ్లకు వింత. కాని అది మచ్చికా, లేక ఇక చేసేదేమీ లేదని జంతువు వదిలేసుకోవడమా అని ఈనాటి నిపుణులు అడుగుతున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

1877లో ఆనా స్యూయెల్ అనే ఇంగ్లీషు రచయిత్రి ‘బ్లాక్ బ్యూటీ’ నవల ప్రచురించింది. అందులో జింజర్ అనే గోడిగ ఉంది. దగ్గరికి వెళ్లినవాళ్లను కరుస్తుంది. దానికి చిన్ననాటి నుంచి మొరటు చేతులే తగిలాయి, తల దించనివ్వని బిగింపు పగ్గం బాధ పెట్టింది. ఓపిక ఉన్న మనుషుల దగ్గరికి చేరాక అది మెత్తబడుతుంది. కథే అయినా, కరిచే గోడిగ వెనుక ఒక గతం ఉంటుందని లక్షల మంది పాఠకులకు తెలిసింది.

ఈనాటి శాస్త్రం ఏమంటోంది? గుర్రం కళ్లు తల పక్కల ఉంటాయి. అది దాదాపు చుట్టూ చూడగలదు గాని, సరిగ్గా తోక వెనుక, నుదుటికి అతి దగ్గరగా ఉన్నది దానికి కనబడదు. ఈగ వాలినా తెలిసేంత సున్నితమైనది దాని చర్మం. 1993లో ఫ్రాన్సులో ఇద్దరు పరిశోధకులు ఒక సంగతి ప్రకటించారు. మెడ కింద భుజాల మధ్య ఎత్తుగా ఉండే మూపు దగ్గర గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుంది. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోక్కునేది కూడా అక్కడే. గోడిగకు ఎద కాలంలో సుమారు 21 రోజులకోసారి ఎద వస్తుంది. ఆ రోజుల్లో కొన్ని గోడిగలు డొక్కల దగ్గర ముట్టుకోనివ్వవు. జీను పుండు, వెన్ను నొప్పి, కడుపులో పుండ్లు ఉన్నా ఇదే తీరు. నిన్నటిదాకా నిలబడ్డ గోడిగ ఇవాళ తన్నుతోందంటే, కర్ర వెతకడం కాదు, పశువైద్యుణ్ణి పిలవాలి.

ఈ తరాల అనుభవాన్ని పనిలోకి మారిస్తే ఇలా ఉంటుంది. ముందు మాట వినిపించి, భుజం వైపు నుంచి దగ్గరికి వెళ్లాలి. తాడును ఒక్క లాగుతో ఊడే ముడి వేయాలి. తాడు చేతికి ఎప్పుడూ చుట్టుకోకూడదు, గుర్రం పరుగెత్తితే వేళ్లే పోతాయి. కాళ్లకు గట్టి చెప్పులో బూట్లో ఉండాలి. మూసిన కొట్టంలో మూలకు చేరకూడదు, బయటికి దారి మన వెనుక ఉండాలి. ఒక చెయ్యి గుర్రం ఒంటి మీద ఆనించి ఉంచి, రెండో చేత్తో దువ్వాలి. ఒంటి మీది చెయ్యి దాని కండ బిగిస్తే ముందుగానే చెబుతుంది. కాళ్ల దగ్గర వంగాలే గాని కూర్చోకూడదు. వెనక్కి పోవాలంటే పిరుదు మీద చెయ్యి వేసి బాగా దగ్గరగా పోవాలి, లేదా తాపు అందనంత దూరంగా పోవాలి. మధ్య దూరమే చేటు.

మూపుతో మొదలుపెట్టి, అది ఒప్పుకునే చోటి నుంచి ఒప్పుకోని చోటికి కొంచెం కొంచెంగా జరగాలి. కడుపుకు, డొక్కలకు, కాళ్లకు గొరపం వద్దు, మెత్తటి కుంచె చాలు. చెవులు వెనక్కి వాలినా, తోక విసిరినా, వెనుక కాలి బరువు తేలిక చేసినా అది హెచ్చరిక. అక్కడ ఆగి, మళ్లీ మూపు దగ్గరికి రావాలి. అది తన్నినప్పుడు చెయ్యి తీస్తే తన్నడమే ఉపాయమని నేర్చుకుంటుంది. నిమ్మళించిన క్షణంలో చెయ్యి తీస్తే నిమ్మళమే ఉపాయమని నేర్చుకుంటుంది. పాఠాలు చెప్పేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. తన్నే దాకా రానివ్వకుండా చూడడమే పనితనం. అప్పటికీ అదుపు తప్పితే దూరంగా తప్పుకోవడం పిరికితనం కాదు.

శ్రోతలారా! మన రోడ్ల మీద జట్కాలు దాదాపు మాయమయ్యాయి. కాని పెళ్లి ఊరేగింపుల్లో, సముద్రతీరాల్లో, కొండ ఊళ్లలో, పందెపు శాలల్లో గుర్రాలు ఇంకా ఉన్నాయి. బాండు మేళం మధ్య, బాణసంచా మధ్య, చెమటతో నిలబడ్డ గోడిగ దగ్గర పగ్గం పట్టుకుని ఒక మనిషి కూడా ఉంటాడు. తరచుగా పద్దెనిమిదేళ్లు నిండీ నిండని కుర్రవాడు. అతనికి ఎవరూ పుస్తకం ఇవ్వలేదు. గుర్రాన్ని కొట్టడమే చూసి ఉంటే కొట్టడమే నేర్చుకుంటాడు. ఆ దెబ్బలు దాచుకున్న భయం ఒకనాడు తాపుగా తిరిగి అతని మీదికే వస్తుంది. గోడిగ క్షేమం, ఆ కుర్రవాడి క్షేమం వేర్వేరు కావు. మన ఊళ్లలో ఒకప్పుడు జట్కా తోలినవారు, గుర్రాలు సాకినవారు ఇంకా కొందరున్నారు. వారి చేతుల్లో ఉన్న విద్య ఏ గ్రంథంలోనూ లేదు. వారిని అడిగి, విని, రాసి పెట్టుకోవడం మనం చేయదగిన పని. అలా చేస్తే గుర్రం పక్కన నిలబడ్డవాడి పేరు కూడా చరిత్రలో ఒక వరుసకు ఎక్కుతుంది.