ఏనుగుదంతపు మోకాలు

1890 మే 20, బెర్లిన్. బల్ల మీద పదిహేడేళ్ల అమ్మాయి. క్షయ ఆమె మోకాలి కీలును తినేసింది. అలాంటి కాలును తీసేయడమో, వంగకుండా బిగించేయడమో ఆనాటి వైద్యానికి తెలిసిన దారులు. శస్త్రవైద్యుడు థెమిస్టోక్లెస్ గ్లుక్ ఇంకో దారి తొక్కాడు. పాడైన ఎముక చివర్లు కోసి, ఏనుగుదంతంతో చేసిన కీలును అమర్చాడు. తలుపు బందులా వంగే కీలది. లోకంలో మోకాలి మార్పిడికి అదే మొదలు.

ముందు ఫలితం బాగుందనే అనిపించింది. ఆ ఆగస్టులోనే, అదే నగరంలో, క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్ దాని పెరుగుదలను ఆపే పదార్థం దొరికిందని వైద్యుల మహాసభలో ప్రకటించాడు. ఎక్కడెక్కడి రోగులో ఆశపడ్డారు. ట్యూబర్‌క్యులిన్ అనే ఆ పదార్థం జబ్బును నయం చేయలేకపోయింది. గ్లుక్ పెట్టిన కీళ్లు చీముపట్టి విఫలమయ్యాయి. కీలు మారినా క్రిమి లోపలే ఉండిపోయింది. దాన్ని చంపే స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని దొరకలేదు. గ్లుక్‌ది దుడుకుతనమని నేననను. ఆ పిల్లకు కీలు దొరికింది, మందే దొరకలేదు.

మనకు మందుంది. కొండగట్టు మెట్లెక్కలేక, నాటుకు వంగలేక, కరీంనగర్‌కో హైదరాబాద్‌కో పోయి మోకాళ్లు మార్పించుకున్న అమ్మలు మల్యాల చుట్టుపక్కల ఎందరో. చాలామంది హాయిగా నడుస్తున్నారు. నూటికి ఒకరిద్దరికి ఇన్ఫెక్షన్ వస్తుంది. అందులో టీబీ మరీ అరుదు, అందుకే ఎవరికీ తట్టదు. ఆపరేషనైన నెలలకో ఏళ్లకో వాపు మెల్లగా మొదలవుతుంది. జ్వరం పెద్దగా ఉండకపోవచ్చు. కుట్టు పక్కన చిల్లు పడి నీరు కారవచ్చు. మామూలు కల్చర్‌లో ఏమీ మొలవదు. ఊళ్లో వేయించుకున్న యాంటీబయాటిక్ సూదితో రెండ్రోజులు తగ్గినట్టుంటుంది, తర్వాత చేసే పరీక్షను కూడా ఆ సూదే తప్పుదారి పట్టిస్తుంది.

కాబట్టి ముందు సూది వద్దు. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి పోయి కీలులో నీరు తీయించాలి. చలిజ్వరంతో మనిషి సోలిపోతుంటే మాత్రం ఇవేవీ చూడకుండా వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. తీసిన నీటిలో టీబీ ఉందో లేదో సీబీనాట్ అనే పరీక్ష గంటల్లో చెప్పగలదు. అందులో రాకపోయినా లేదని కాదు. లోపలి పొర ముక్కనూ చూడాలి, టీబీ కల్చర్‌కు వారాలు ఆగాలి. తొందరగా పట్టుబడి, కీలు గట్టిగా ఉంటే, తీయకుండానే మందులతో బాగుపడ్డవాళ్లున్నారు. వదులైతే తీసి, మందు కలిపిన సిమెంటు దిమ్మె పెట్టి, జబ్బు అణిగాక కొత్తది వేస్తారు. మాత్రలు ఏడాది, ఏడాదిన్నర మింగాలి. సర్కారు వాటిని ఉచితంగానే ఇస్తుంది.

ఇంట్లో ఎప్పుడో ఒకరికి టీబీ ఉండేదని చెప్పడానికి మనవాళ్లకు సిగ్గు. డాక్టరుకు ఆ పరీక్ష రాయాలని తట్టేది ఆ మాటతోనే. “సార్, మా ఇంట్ల టీబీ ఉండె, ఈ నీళ్లు దానిక్కూడ పంపుండ్రి” అని అడగండి.