చిల్లగింజ తేర్చిన నీళ్ళు

ఆషాఢంలో గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే కోనసీమలో మా ఊరి కాలువా ఎర్రబడేది. కావిడితో తెచ్చి బిందెలో పోస్తే అడుగు కనిపించేది కాదు. అప్పుడు నాయనమ్మ గూట్లోంచి చిల్లగింజ తీసేది. బొత్తాంలా గుండ్రంగా ఉండే ఆ గింజని తడిపి మట్టికుండ లోపలి గోడకి అరగదీసేది. పాత పంచెగుడ్డ మడతపెట్టి నీళ్ళు వడపోసి, తెడ్డుతో కలియబెట్టి మూత పెట్టేది. తెల్లారేసరికి మడ్డి అడుక్కి దిగి, పైన తేట నిలిచేది. కుండ కుదపకుండా ఆ తేటని మరో కుండలోకి వంచుకునేది.

ఈ విద్య చాలా పాతది. సంస్కృతంలో ఈ గింజ పేరు కతకం. కలుషిత జలాన్ని తేర్చే ఏడు వస్తువుల్లో సుశ్రుత సంహిత దీన్నే ముందు చెప్పింది. గుడ్డ కూడా ఆ ఏడింటిలో ఉంది. కతకం పేరు తలిచినంత మాత్రాన నీళ్ళు తేటపడవని మనుస్మృతి అంటుంది. గింజలోని జిగురు పదార్థం సన్నని మట్టి రేణువుల్ని ఒకదానికొకటి అంటించి బరువెక్కిస్తుంది, అందుకే అవి దిగిపోతాయి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్ళు మా పొలాలతో పాటు కుండల్లోకీ వచ్చాయి. వేసవిలో కాలువ కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువు నింపుకునేవాళ్ళు. ఏడాదంతా ఊరి దాహం ఆ రెంటిమీదే.

నాయనమ్మ తొలిచూలు కొడుకు మూడేళ్ళకే కలరాతో పోయాడు. "నీళ్ళు తేటగానే ఉన్నాయిరా నాయనా" అని ముసలితనంలో కూడా అంటూ ఉండేది. 1884లోనే కలకత్తాలో ఒక చెరువు నీళ్ళలో రాబర్ట్ కోచ్ కలరా క్రిమిని చూశాడు. ఆ కబురు మా వంటింటి దాకా రావడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. చిల్లగింజ మట్టితో పాటు కొన్ని క్రిముల్నీ కిందికి దించుతుంది గానీ చంపదు. బాలింతలకీ జ్వరపడ్డవాళ్ళకీ కాచి చల్లార్చిన నీళ్ళిచ్చే ఇంట్లో, ఆ పిల్లాడికి మాత్రం తేర్చిన నీళ్ళే పోశారు.

ఆ గింజలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. మా మనవరాలికి కుండలో అరగదీయడం నేర్పాను. తేట వంచాక, ఆ నీళ్ళని కళపెళ తెర్లేదాకా కాచడం కూడా నేర్పాను.